నష్టం మాట ముందే చెప్పాలి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. మరి తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మనకు తెలిసిందే. గింజలు తడవడం వ్యాపారి తప్పు కాదు. ఆ సంగతి దాచడమే తప్పు.

కంటికి కనిపించే తడి సరే, ఇంకా రాని నష్టం మాటేమిటి? షరీఅత్‌లో దానికీ జవాబుంది. మదీనాలో పక్వానికి రాకముందే పండ్లు అమ్మేవారు. కోతవేళ తెగులు తగిలిందంటూ కొన్నవారు తగాదాకు దిగేవారు. అందుచేత పక్వత కనిపించేదాకా అమ్మవద్దని ప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తెలిపారు. పూత మీదే మామిడి తోటలకు బేరం కుదుర్చుకునే మన ప్రాంతంలో ఈ తగాదా ఎవరికీ కొత్త కాదు. ఇలాంటి అనిశ్చితినే ఫిఖహ్‌లో 'గరర్' అంటారు.

అయితే నష్టభయం లేని వ్యాపారం లేదు. ఇస్లాం వ్యాపారాన్ని వద్దనలేదు, నష్టం ఎవరిమీద పడుతుందో ముందే తేల్చుకొమ్మన్నది. 'ముజారబత్'నే చూడండి. ఒకరు సొమ్ము పెడతారు, మరొకరు శ్రమ చేస్తారు. లాభం ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ము పెట్టినవారిదే, రెండోవాడికి శ్రమ వృథా. అతని నిర్లక్ష్యమో, షరతుల ఉల్లంఘనో ఉంటే తప్ప అసలు చెల్లించే బాధ్యత అతనికి లేదు. కాబట్టి "నెలకు ఇంత ఖాయం, అసలుకు ఢోకా లేదు" అనేవాడు ముజారబత్ పేరు చెప్పి మరొకటి చేస్తున్నాడన్నమాట. 2019లో బెంగుళూరులో 'హలాల్ లాభం' పేరిట సొమ్ము సేకరించిన ఐ.ఎం.ఏ. సంస్థ కుప్పకూలినప్పుడు వేలాది కుటుంబాలు కష్టార్జితం పోగొట్టుకున్నాయి. వారిలో అత్యధికులు ముస్లిములే.

వ్యాపారం చేసే సోదరులు భాగస్వామికి మూడు మాటలు చెప్పాలి: తమకు తెలిసినది, తెలియనిది, నష్టం వస్తే ఎవరి వంతు ఎంత. "ఇన్షా అల్లాహ్" అనడమంటే రేపు మన చేతిలో లేదని ఒప్పుకోవడం. దాన్ని హామీపత్రంగా వాడుకోరాదు. సొమ్మిచ్చేవారు కూడా మొహమాటపడక అడగాలి, బంధువైనా సరే కాగితం రాయించుకోవాలి. దివ్య ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం (2:282) అప్పును రాసుకోవడం గురించినదే. అడగడం అపనమ్మకం కాదు.

తడి గింజలు పైన పెట్టినవాడి రాశి కొంచెం తక్కువ ధరకు పోవచ్చు. కాని అతని సంపాదనలో బర్కత్ ఉంటుంది. అల్లాహ్ మన వ్యాపారాలకు ఆ నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.