నల్ల సూరీళ్లూ తెల్ల సున్నమూ

పోలిక ఉన్న రెండింటిని ఎదురెదురుగా నిలిపి, వాటి మధ్య తేడాతో రెండింటినీ స్పష్టం చేయడాన్ని వైరుధ్యం అంటారు. ఇందులో పోలిక కూడా తేడా అంత ముఖ్యం. గుర్రానికీ గురువారానికీ బోలెడు తేడా ఉంది కానీ, పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. కలిసే చోటు ఒకటి ఉన్నప్పుడే విడిపోయే చోటు కంటికి ఆనుతుంది.

కంటికి ఇది ఎంత అవసరమో తెలంగాణలోని నస్పూర్ చుట్టూ ఉన్న సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు గనులు చెబుతాయి. కార్మికులు 'బాయి' అని పిలిచే భూగర్భ గనిలో ఎటు చూసినా బొగ్గే. టోపీ లైటు వేసినా ఆ వెలుగును చాలామటుకు బొగ్గు మింగేస్తుంది. అందుకే దారులు కలిసే చోట, బొగ్గు టబ్బులు ఆగే చోట, ప్రథమ చికిత్స కేంద్రం దగ్గర గోడలకూ పైకప్పుకూ సున్నం వేసి ఉంచాలని బొగ్గు గనుల నిబంధనల్లో ఉంది. తెల్ల గోడ ముందు కదిలే మనిషి, దొర్లుకుంటూ వచ్చే టబ్బు నల్లటి ఆకారాలై వెంటనే కనబడతాయి. అక్కడ వైరుధ్యం ప్రాణాలు కాపాడే పనిముట్టు.

గనిలో మీథేన్‌ వాయువును కనిపెట్టే సేఫ్టీ ల్యాంపుది ఇంకో పద్ధతి. గాలిలో ఆ వాయువు ఉంటే మంట చుట్టూ లేత నీలి రంగు టోపీలా ఏర్పడుతుంది. మంట నిండుగా ఉంటే పసుపు వెలుగులో ఆ నీలం కలిసిపోతుంది. కాబట్టి ముందు వత్తి బాగా తగ్గించి, ఆ తర్వాతే చూస్తారు. ఒకటి తేలాలంటే రెండోది తగ్గాలన్న ఈ కిటుకు చిత్రకారులకూ బాగా తెలుసు.

దీని వెనక శాస్త్రం బయటపడింది ఒక నల్ల దారం వల్ల. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో 1824 నుంచి అద్దకం బాధ్యత చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది. నీలం, ఊదా రంగుల పక్కన నేసిన నలుపు వెలవెలబోతోందన్నారు. అద్దకంలో తప్పేమీ దొరకలేదు. విడిగా చూస్తే దారం నిక్షేపంగా ఉంది. పక్క రంగే దాన్ని మార్చి చూపుతోందని ఆయన గ్రహించి, రంగుల వైరుధ్యం మీద 1839లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఎవరైనా ఇంట్లో పరీక్షించి చూడొచ్చు. ఒకే బూడిదరంగు కాగితం నల్ల అట్ట మీద లేతగా, తెల్ల అట్ట మీద ముదురుగా కనబడుతుంది.

నిర్మల్ చిత్రకారులు చేతి అలవాటుగా నేర్చింది ఇదే. 2016 దాకా నస్పూర్, నిర్మల్ రెండూ ఆదిలాబాద్ జిల్లాలోవే. ముదురు నేపథ్యం ఉండబట్టే నిర్మల్ బొమ్మల్లో బంగారు వన్నె అంతగా మెరుస్తుంది. అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇంకాస్త ముందుకు వెళ్లాడు. ఆయన గీసిన తెలంగాణ స్త్రీల నల్లని మేను, ఎర్రని చీర, నుదుటి మీద పెద్ద బొట్టు ఒకదానికొకటి బలం. ఆ మేనికి తెలుపు పులిమితే చీర ఎరుపూ చప్పబడుతుంది.

భాషలో వైరుధ్యం అక్షరం దగ్గరే మొదలవుతుంది. నెల, నేల, గుడి, గుడ్డి. మిగతాదంతా ఒకటే కాబట్టి ఒక్క దీర్ఘమో, ఒక్క ఒత్తో అర్థాన్ని తిప్పేస్తుంది. వాక్యంలో ఈ పనికి 'మాత్రం', 'అయితే', 'ఏమో' ఉన్నాయి. "అన్నేమో బాయికి పోతడు, తమ్ముడేమో కాలేజికి పోతడు" అన్నప్పుడు ఒకే ఇంటి పిల్లలు కావడం పోలిక, దారులు వేరు కావడం తేడా. 'ఏమో' తీసేస్తే మిగిలేవి రెండు సమాచారాలే. ఉంటే అది ఒక ఇంటి కథ.

అలంకారశాస్త్రం దీన్ని ఇంకా లోతుగా చూసింది. పోలికను ఒప్పుకుంటూనే తేడా చూపితే వ్యతిరేకాలంకారం. దండి కావ్యాదర్శంలో దీని చర్చ ఉంది. ఉప్పును కర్పూరం పక్కన పెట్టిన వేమన కూడా ముందు రెండూ ఒకేలా ఉంటాయని ఒప్పుకున్నాడు, ఆ తర్వాతే రుచి దగ్గర విడదీశాడు. పైకి పొసగనట్టు కనబడి, ఆలోచిస్తే పొసగేది విరోధాభాసం. సింగరేణి కార్మికులను 'నల్ల సూరీళ్లు' అనడంలో ఉన్నది అదే. సూర్యుడు నల్లగా ఉండడు, అది విరోధం. కానీ ఒళ్లంతా మసి పూసుకుని వాళ్లు తవ్విన బొగ్గే రామగుండం, జైపూర్ విద్యుత్ కేంద్రాల్లో కరెంటుగా మారుతుంది కాబట్టి ఆ విరోధం తీరిపోతుంది.

బొగ్గుకు పత్రికలు పెట్టిన 'నల్ల బంగారం' అన్న పేరూ ఈ కోవలోదే. అయితే శీర్షికల్లో అరిగి అరిగి అందులో విరోధం ఇప్పుడు తోచడం లేదు. పైగా అది చెప్పేది సరుకు విలువను మాత్రమే. 'నల్ల సూరీడు' ఇంకా పదునుగా ఉంది. దాని అర్థం అందాలంటే పాఠకుడు మసి పట్టిన ముఖాన్నీ తన గదిలోని దీపాన్నీ ఒకేసారి తలుచుకోక తప్పదు.