పాత ల్యాప్‌టాప్ మీద రాజ్యాలు ఏలుడెట్ల?

ఈ మధ్య హాస్టల్లో అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఆట మొదట్ల మంచిగనే నడుస్తది. ఊరు కట్టుకునేదాక ఏం బాధ లేదు. సైన్యం పెరిగి యుద్ధం మొదలైందంటే బొమ్మ ఆగి ఆగి వస్తది. ఎందుకు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే గోడ మీద రాస్తే అందరూ చదువుకుంటరని రాస్తున్నాను. వార్డెన్ సారు కూడా చివరిదాక చదవాలని మనవి. ఇది ఆటల గురించే, కానీ ఆటలకు మాత్రమే పనికొచ్చే సంగతి కాదు.

మన ల్యాప్‌టాప్ ఎట్లాంటిదో అందరికీ ఎరుకే. పదేళ్లు దాటింది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల గిరగిర తిరిగే హార్డ్‌డిస్క్. బొమ్మలు గీసేందుకు వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న చిన్న భాగం ఆ పని కూడా చూసుకుంటది.

ముందు మనకు తెలిసిన పులి-మేక ఆట తీసుకోండి. 3 పులులు, 15 మేకలు. వంతుకు ఒక్క పావు కదులుతది, మిగతావన్నీ ఉన్నచోటనే కూచుంటయి. ఇప్పుడు 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో భాగం చూడండి. 8 మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి 200 దాకా మనుషులు, గుర్రాలు, ఏనుగులు, ఓడలు. అంటే 1,600 పావులు. వంతు అన్న మాటే లేదు, అందరూ ఒక్కసారే కదులుతరు. ప్రతి సైనికుడికీ శత్రువు ఎంత దూరం, బాణం తగిలిందా, ప్రాణం ఎంత మిగిలింది, ఇప్పుడు ఎటు పోవాలె అని కంప్యూటరే లెక్క కట్టాలె. అదీ సెకనుకు ఎన్నోసార్లు.

ఇండ్ల అన్నిటికంటే బరువైనది దారి వెతుకుడు. మనం ఒక చోట నొక్కి "అక్కడికి పో" అంటం, అంతే. మధ్యల చెరువు, గుట్ట, గోడ ఉంటే తప్పించుకుని పోయే బాట కంప్యూటర్ వెతకాలె. 1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు చెందిన హార్ట్, నిల్సన్, రాఫెల్ అనే ముగ్గురు దీనికి ‘ఏ-స్టార్’ అనే పద్ధతి ప్రకటించారు. ‘షేకీ’ అనే చక్రాల రోబోకు దారి చూపే పనిలో అది పుట్టింది. చాలా ఆటలు ఇప్పటికీ దాన్నో, దానికి మార్పులు చేసిన పద్ధతినో వాడుతున్నాయి.

పద్ధతి మనకు కొత్తది కాదు. దేవరకొండ నుంచి మన్ననూరు పోవాలంటే ఎవరైనా డిండి దిక్కు బయలుదేరుతరు. కొండమల్లేపల్లి దిక్కు ముందుగా వెతకరు, ఎందుకంటే అది ఎదురు దిక్కు. ఇప్పటిదాక నడిచిన దూరం ఎంత, ఇంకా ఎంత ఉండొచ్చు, ఈ రెండూ కూడితే ఏ బాట తక్కువగా కనిపిస్తే దాన్ని ముందు చూస్తరు. ఏ-స్టార్ చేసేది కూడా గిదే.

మరి ఇబ్బంది ఎక్కడ? సలేశ్వరం జాతరకు పోయినవాళ్లకు చెప్పనక్కర లేదు. చైత్ర పున్నమి రోజుల్లో నల్లమల లోయలకు దిగే బాట ఇరుకు. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎదురెదురైతే అందరూ ఆగుతరు. ప్రతి మనిషీ పక్కకు చూసి "ఇటు సందుందా, అటు పోదునా" అని మళ్ల ఆలోచిస్తడు. ఆటలో కూడా 60 ఏనుగులను ఒక చిన్న దర్వాజా గుండ పొమ్మంటే ముందుది ఆగినప్పుడల్లా వెనుకవి మళ్ల బాట వెతుకుతయి. లెక్కలు కుప్పలు పడతయి. మీ బొమ్మ ఆగేది సరిగ్గా అప్పుడే. అందుకని సైన్యాన్ని మూడు, నాలుగు గుంపులు చేసి వేరువేరు దిక్కుల నుంచి నడపండి. ల్యాప్‌టాప్‌కూ సులువు, యుద్ధానికీ మంచిది.

"ప్రాసెసర్‌లో రెండు కోర్లు ఉన్నయి కదా, పని పంచుకోవచ్చు కదా" అని తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగిండు. మంచి ప్రశ్న. మన మెస్ చూడండి. అన్నం బకెట్ దగ్గర ఇద్దరిని నిలబెడితే లైను తొందరగా కదులుతది. కానీ కూర గంటె ఒక్కటే ఉంటే? అన్నం ఎంత తొందరగా పెట్టినా కూర దగ్గర ఆగుడే. యుద్ధం లెక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటయి. నా బాణానికి నీ గుర్రం చచ్చిందా లేదా తేలకుండ నీ గుర్రం ఎటు పోవాలో చెప్పలేము. అందుకే చాలా వ్యూహం ఆటల్లో అసలు లెక్కంతా ఎక్కువగా ఒకే కోరు మీద పడతది. ‘జీరో ఏ.డీ.’ అని ఉచితంగా దొరికే ఆట ఉన్నది. అండ్ల మౌర్యుల సైన్యం, ఏనుగులు కూడా ఉన్నయి, చూడముచ్చటగా ఉంటది. కానీ ఇదే కారణం చేత జనం పెరిగితే కొత్త కంప్యూటర్ల మీద కూడా మెల్లగైతది. కాబట్టి కోర్ల సంఖ్య చూసి మురవకండి, ఒక్క కోరు ఎంత వేగం అన్నది చూడాలె.

రెండు ల్యాప్‌టాప్‌లు వైరుతో కలిపి ఆడినప్పుడు కొత్తది కూడా ఎందుకు మెల్లగైతదని ఇంకొకరి అనుమానం. 1997లో మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వచ్చినప్పుడు ఇంటర్నెట్ టెలిఫోన్ తీగ మీద నడిచేది. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెం మీద వందల సైనికుల కదలికలు పంపుడు కుదరని పని. అందుకని వాళ్లు ఒక ఉపాయం చేసిన్రు. "ఈ గుంపును అక్కడికి పంపు" అన్న ఆజ్ఞ ఒక్కటే తీగ మీద పోతది. ఆ ఆజ్ఞ తీసుకుని ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తన దగ్గర తానే లెక్క కట్టుకుంటది. అందరి లెక్కా అక్షరం తేడా లేకుండ ఒకటే కావాలె. ఉపాయం గొప్పదే గాని ఒక చిక్కు ఉన్నది. జాతరకు గుంపుగా నడిచేటప్పుడు ముసలవ్వ కోసం అందరూ ఆగినట్టు, మెల్లటి యంత్రం కోసం మిగతావన్నీ ఆగుతయి.

ఇప్పుడు ర్యామ్. దాని మీద మస్తు అపోహలు ఉన్నయి. ర్యామ్ అంటే మనం చదువుకునే బల్ల అనుకోండి. హార్డ్‌డిస్క్ మంచం కింది ట్రంకు పెట్టె. బల్ల మీద పుస్తకం ఉంటే చెయ్యి చాపితే అందుతది. బల్ల నిండితే ఒకటి పెట్టెల పెట్టి ఇంకొకటి తియ్యాలె. 4 జీబీలో విండోసే సగం దాక తింటది, బ్రౌజర్ తెరిచి ఉంచితే మిగిలిన సగమూ పాయె. ఇగ ఆట పెట్టె దగ్గరికి ఉరుకుడే. ఆ పెట్టె కూడా తిరిగే రకం. చాలా ల్యాప్‌టాప్ డిస్కులు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతయి, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేటందుకు సగటున అరచుట్టు ఆగాలె, ముల్లు జరుగుడు అదనం. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అందుకే అది తేడా. పాత యంత్రానికి ఒక్కటే మార్పు చెయ్యగలిగితే నేను ఎస్ఎస్‌డీ వెయ్యమంటాను. దాని తరువాతనే ర్యామ్.

రోగం ఎక్కడుందో కనుక్కునేందుకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. ఆట సెట్టింగుల్లో తెర కొలతను 1366×768 నుంచి 800×600కు తగ్గించండి. చుక్కల సంఖ్య 10 లక్షల 49 వేల నుంచి 4 లక్షల 80 వేలకు దిగుతది, సగం కంటే తక్కువ. వేగం పెరిగితే భారం బొమ్మలు గీసే భాగం మీద ఉన్నట్టు. నీడలు, నీటి అలలు తీసేస్తే ఇంకా నయమైతది. ఏమీ మారకపోతే భారం లెక్కల మీద. అప్పుడు బొమ్మ ఎంత తగ్గించినా లాభం లేదు, జనాన్ని తగ్గించాలె. 8 మంది బదులు నలుగురు, 200 బదులు 75 పెట్టుకుంటే 1,600 కాస్తా 300 అయితది. చిన్న మ్యాపు ఎంచుకోండి. హార్డ్‌డిస్క్ లైటు ఆగకుండ వెలుగుతుంటే మాత్రం రోగం ర్యామ్‌ది. చాలామంది ఈ పరీక్ష చెయ్యకుండనే ల్యాప్‌టాప్ మీద చరుస్తరు. దయచేసి చరచకండి, తిరిగే డిస్క్‌కు ఆ దెబ్బ ప్రాణం తీసేది.

వేడి సంగతి మన జిల్లాలవాళ్లకు వేరే చెప్పాల్నా? ఏప్రిల్ కంటే డిసెంబర్‌లో అదే ఆట అదే ల్యాప్‌టాప్ మీద బాగ నడుస్తది. ఇది భ్రమ కాదు. లోపలి వేడి 90, 100 డిగ్రీల దగ్గరికి పోతే ప్రాసెసర్ కాలిపోకుండ తన వేగం తానే తగ్గించుకుంటది. దుప్పటి మీద, పరుపు మీద పెడితే గాలి పోయే సందులు మూసుకుపోతయి. బల్ల మీద నాలుగు మూలలకు పాత పెన్ను మూతలు పెట్టి లేపితే చాలు. మన ఎర్రమట్టి దుమ్ము ఫ్యాన్ రెక్కలకు అట్ట కట్టినట్టు అంటుకుంటది. ఏడాదికొక్కసారి ల్యాబ్ సారుతో విప్పించి, ఫ్యాన్ తిరగకుండ వేలితో ఆపి, మెత్తటి బ్రష్‌తో దులపాలె. చార్జర్ పెట్టుకుని ఆడండి. బ్యాటరీ మీద ఉంటే కరెంటు ఆదా కోసం కూడా వేగం తగ్గుతది.

ఇక ఏ ఆట ఆడాలె అన్నది. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కు 32 ఎంబీ ర్యామ్ చాలు, మన దగ్గర దానికి 128 రెట్లు ఉన్నది. అదే ఆట 2019 కొత్త కూర్పుకు తక్కువలో తక్కువ 4 జీబీ ర్యామ్, 30 జీబీ చోటు కావాలె. దాని జోలికి పోవద్దు. ‘ఫ్రీసివ్’ ఉన్నది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ముగ్గురు తయారు చేసి 1996లో విడుదల చేసిన ఆట. 2003లో వచ్చిన ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ ఉన్నది. రెండూ ఉచితం, రెండూ వంతుల ఆటలు. వంతుల ఆటలో యంత్రం మెల్లగైతే మన వంతు కొంచెం ఆలస్యంగా వస్తది, అంతే, సైనికుడు చావడు. దొంగ కాపీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుడు మానాలె. వాటితో వచ్చే వైరస్ ఆట కంటే ఎక్కువ ర్యామ్ తింటది.

చదరంగం గురించి ఒక్క మాట. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన ‘డీప్ బ్లూ’ సెకనుకు 20 కోట్ల ఎత్తులు చూసే పెద్ద యంత్రం. ఇప్పుడు ‘స్టాక్‌ఫిష్’ అనే ఉచిత ప్రోగ్రాం మన ఐ3 మీద అంతకు ఎన్నో వంతులు తక్కువ ఎత్తులు చూసి కూడా దానికంటే బాగ ఆడుతది. పనికిరాని ఎత్తులు చూడకుండ వదిలెయ్యడం నేర్చింది కాబట్టి. 2024 డిసెంబర్‌లో 2,800 రేటింగు దాటిన మన వరంగల్ అర్జున్ ఎరిగైసి తరం వాళ్లంతా ఇట్లాంటి ప్రోగ్రాంలతోనే సాధన చేస్తరు.

వార్డెన్ సారుకు ఇప్పుడు అసలు విన్నపం. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు రక్షణ అప్‌డేట్లు ఆగిపోయినయి. విండోస్ 11 మన పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. అందుకని స్టోర్ రూములో పెట్టిన మూడు ల్యాప్‌టాప్‌లను తుక్కుకు వేస్తరని అనుకుంటున్నరు. వాటి మీద లినక్స్ మింట్‌లో ‘ఎక్స్ఎఫ్‌సీఈ’ అనే తేలిక రకం నడుస్తది, తెలుగు టైపు కూడా వస్తది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే కనిపించే లినక్స్‌ను ఎప్పుడో తయారు చేసింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఒక్క పెట్టెను నాలుగైదు తెరలకు పంచి పిల్లలకు నేర్పినరు. పైన రాసిన మందులన్నీ, దుమ్ము దులుపుడు, డిస్క్ మార్చుడు, అనవసరమైనవి మూసుడు, గణితం పాఠం వీడియో ఆగకుండ వచ్చేందుకు కూడా అవే మందులు. పదో తరగతివాళ్లు ఒక్క ల్యాప్‌టాప్ ముందు పన్నెండు మంది కూచుంటున్నరు.

ఆ మూడింట్ల ఒకదాని తెర పగిలింది, ఒకటి అసలు ఆన్ కాదు. మూడోది బాగనే ఉన్నది, మెల్లగ నడుస్తది అంతే. మూడింటి ర్యామ్ ఒకే రకం, డీడీఆర్3 అని అట్ట మీద రాసి ఉన్నది. పాడైన వాటిల్ల నుంచి ఒక 4 జీబీ ముక్క తీసి ఖాళీ సందులో పెడితే మూడోది 8 జీబీ అయితది, పైసా ఖర్చు లేదు. ల్యాబ్ సారు ఒప్పుకున్నరు. స్టోర్ రూము తాళం చెవి వార్డెన్ సారు దగ్గర ఉన్నది. ఆదివారం టిఫిన్ తరువాత ఒక గంట ఇస్తే చాలు.