స్విచబుల్ గ్రాఫిక్స్

స్విచబుల్ గ్రాఫిక్స్ అనగా ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ప్రాసెసర్లను అమర్చి, చేయవలసిన పనిని బట్టి ఒకదాని నుండి మరొకదానికి మారే ఏర్పాటు. వీటిలో మొదటిది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్. నేటి ల్యాప్‌టాప్‌లలో ఇది సీపీయూలోనే ఇమిడి ఉంటుంది. రెండవది డెడికేటెడ్ గ్రాఫిక్స్. ఇది సొంత మెమొరీ కలిగిన విడి చిప్. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఈ ఏర్పాటు సర్వసాధారణం.

అవసరం

ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కంప్యూటరు ర్యామ్‌నే పంచుకొంటూ తక్కువ విద్యుత్తుతో పనిచేస్తుంది. వెబ్ పేజీలు చదవటానికి, సినిమాలు చూడటానికి ఇది సరిపోతుంది. భారీ త్రిమితీయ ఆటలకు మాత్రం డెడికేటెడ్ గ్రాఫిక్స్ కావాలి. పూర్తి వేగంతో నడిచేటప్పుడు ఇది కొన్ని ల్యాప్‌టాప్‌లలో 100 వాట్లకు పైగా విద్యుత్తును వాడుకొంటుంది. విమానాలలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకువెళ్ళగల బ్యాటరీకి పరిమితి 100 వాట్-అవర్లు కావున, ల్యాప్‌టాప్ బ్యాటరీలు సాధారణంగా ఆ పరిమితికి లోబడే ఉంటాయి. అనగా ఈ చిప్ ఒక్కటే పూర్తి వేగంతో నడిచినా బ్యాటరీ గంటలోపే ఖాళీ అవుతుంది. అందుచేత బ్యాటరీపై ఉన్నప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు దీని వేగాన్ని తగ్గిస్తాయి. పని లేనప్పుడు దీనిని పూర్తిగా ఆపివేయటమే స్విచబుల్ గ్రాఫిక్స్ ఉద్దేశం.

తొలి పద్ధతులు

2006లో సోనీ సంస్థ విడుదల చేసిన వయో ఎస్‌జెడ్ ల్యాప్‌టాప్‌లలో ఇందుకొరకు ఒక మీట ఉండేది. దానిని మార్చిన తరువాత కంప్యూటరును తిరిగి ప్రారంభించవలసి వచ్చేది. 2008లో వచ్చిన ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో లాగౌట్ అయి మరల లాగిన్ అయితే సరిపోయేది.

ఆప్టిమస్

ఎన్విడియా సంస్థ 2010 ఫిబ్రవరిలో ఆప్టిమస్ అనే పద్ధతిని ప్రకటించింది. ఇందులో తెర ఎల్లప్పుడూ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. ఆట మొదలుకాగానే డ్రైవరు తన జాబితాను చూసి డెడికేటెడ్ చిప్‌ను మేల్కొలుపుతుంది. ఆ చిప్ తయారుచేసిన ప్రతి చిత్రమూ ర్యామ్‌లోకి నకలు కాగా, దానిని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ తెరపై చూపుతుంది. ఆట ముగియగానే చిప్‌కు విద్యుత్తు ఆగిపోతుంది. వాడుకరి చేయవలసినది ఏమీ లేదు. అయితే ఈ నకలు వలన ఆట వేగం కొంత తగ్గుతుంది. సెకనుకు చూపే చిత్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ నష్టం ఎక్కువగా తెలుస్తుంది.

మక్స్ స్విచ్

ఈ నష్టాన్ని నివారించేది మక్స్ స్విచ్. ఇది తెరను రెండు ప్రాసెసర్లలో దేనికైనా నేరుగా కలుపగలదు. చాలా ల్యాప్‌టాప్‌లలో దీనిని మార్చినప్పుడు కంప్యూటరును తిరిగి ప్రారంభించాలి. 2020లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్‌లో ఆ అవసరం లేదు.

లినక్స్‌లో

ఆప్టిమస్ వచ్చిన కొత్తలో లినక్స్ వాడుకరులకు ఎన్విడియా నుండి తగిన తోడ్పాటు లభించలేదు. 2011లో స్వచ్ఛంద కార్యకర్తలు బంబుల్‌బీ అనే ప్రాజెక్టును చేపట్టారు. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఈ విషయమై అడిగిన ప్రశ్నకు సమాధానంగా లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను తీవ్రంగా విమర్శించాడు. 2019లో ఎన్విడియా తన లినక్స్ డ్రైవరులోనే ఈ సౌకర్యాన్ని చేర్చింది.

వాడుకరులు గమనించవలసినవి

* డ్రైవరు జాబితాలో లేని ఆట ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌పైనే నడిచే అవకాశం ఉంది. ఆట నెమ్మదిగా సాగితే ల్యాప్‌టాప్ పనికిరానిదని అనుకొనే ముందు, విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రాసెసర్ పనిచేస్తున్నదో చూడాలి.
* 2018 నుండి విండోస్ 10 సెట్టింగులలో ప్రతి ప్రోగ్రాముకూ విడివిడిగా గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను ఎంచుకొనే వీలు కలిగింది. విండోస్ 11లోనూ ఈ వీలు ఉన్నది.
* వేగం పెరుగుతుందని కొందరు ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌ను డివైస్ మేనేజర్‌లో నిలిపివేస్తారు. మక్స్ స్విచ్ లేని ల్యాప్‌టాప్‌లో తెరకు దారి అదొక్కటే కావున, దీనివలన డెడికేటెడ్ గ్రాఫిక్స్ కూడా నిరుపయోగమవుతుంది.
* చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు డెడికేటెడ్ చిప్‌కే కలిపి ఉంటుంది. అటువంటి వాటికి బయటి మానిటరును తగిలిస్తే ఆ చిప్ మేల్కొనే ఉండి, బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది.