బడికి ముందు మాటల మూట

మదనపల్లెకు సమీపమున నున్న హార్స్లీ కొండకు ఆ పేరు కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర అచ్చట వేసవి బంగళా కట్టించుకొనిన పిమ్మట వచ్చినది. జనుల నోట దానిపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను పసిపిల్లను ఆ కొండపై ఏనుగులు సాకినవని ఐతిహ్యము. ఏనుగులు బిడ్డకు పండ్లు తెచ్చి పెట్టవచ్చును, మృగములనుండి కాపాడవచ్చును. కాని మాటలు నేర్పుట వాటి తరము కాదు. ఆ పని మనుష్యులు చేయవలసినదే.

మన యిండ్లలో బిడ్డకు తిండికిని బట్టకును లోటు రాకుండ చూచుకొందుము. మాటల లోటును మాత్రము తొందరగా గుర్తింపము. మూడవ యేట అంగన్‌వాడికి పంపినప్పుడు అది బయటపడును. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచుచున్న ఈ కేంద్రములలో మూడు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలకు ఆటపాటలతో తొలి విద్య గరపుచున్నారు. అచ్చట ఎక్కడ నొచ్చుచున్నదో చెప్పలేని బిడ్డ ఏడ్చును. ఏడ్చిన బిడ్డను మొండి యందురు. అడిగిన ప్రశ్నలో ఒక మాట తెలియక మిన్నకున్న బిడ్డను మందబుద్ధి యందురు. మాటల కొరతను బుద్ధి కొరతగా నెంచుట వలన పడిన ముద్ర చాలకాలము తొలగదు.

ఈ భయముచేతనే కాబోలు, కొందరు తల్లిదండ్రులు రెండేండ్లకే పలక చేతికిచ్చి అక్షరములు దిద్దింతురు. తొందర యవసరము లేదు. అలసంద యనిన నేమో యెరుగని బిడ్డ ఆ మాటను కూడబలికి చదివినను ఫలమేమి? ముందు మాట, పిదప అక్షరము.

సామాన్యముగా ఏడాది నిండుసరికి బిడ్డ తొలిమాట పలుకును. రెండవ యేడు ముగియులోపల “పాలు తా”, “అవ్వ రా” అని రెండేసి మాటలు జతచేయును. పలుకగల మాటలకంటె తెలిసికొనగల మాటలు ఎప్పుడును అధికము. కావున బిడ్డ బదులు పలుకలేదని మనము మాటలాడుట మానరాదు. రెండేండ్లు నిండినను మాటలు జతచేయనిచో వైద్యునకు చూపి, ముందుగా వినికిడిని పరీక్ష చేయించవలెను.

మాటలు నేర్పుటకు ప్రత్యేకముగా పాఠము పెట్టనక్కరలేదు, ఇంటిపనియే చాలును. మా ప్రాంతమున సంక్రాంతి దినములలో అనపకాయలు విరివిగా వచ్చును. తల్లి పితికిపప్పు చేయుచు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “ఇదిగో నాయనా, కాయ ఒలిచినాను, గింజ వచ్చింది. నానిన గింజను పితుకు. తొక్క జారిపోయింది చూడు! పప్పు ఎంత నున్నగా ఉందో!” అనినచో, కాయ, గింజ, తొక్క, పప్పు అను నాలుగు పేర్లును, ఒలుచుట, నానుట, పితుకుట, జారుట అను నాలుగు పనులును, నునుపు అను ఒక గుణమును బిడ్డ చేతికిని చెవికిని ఒకేసారి అందినవి. “అది తియ్యి, ఇక్కడ పెట్టు” అను మాటలతో ఆ పనియే జరిగియుండును గాని, బిడ్డకు ఒక్క పేరైనను దక్కియుండదు.

బిడ్డ “తొక్క!” అనినప్పుడు ఊరకుండక, “అవును, తొక్క ఊడింది. లోపల ఏముంది?” అని మాటను పెంచి, బదులుకై కొంచెము ఆగవలెను. ఆ ఆగుటలోనే బిడ్డ ఆలోచించును.

థియొసాఫికల్ సొసైటీ ఆహ్వానముపై 1939లో మద్రాసు అడయారునకు వచ్చిన మరియా మాంటిసోరి, వస్తువుల పేర్లను మూడు మెట్లలో నేర్పుచుండెడిది. “ఇది చాట, ఇది జల్లెడ” అని చెప్పుట మొదటి మెట్టు. “జల్లెడ ఏది?” అని అడిగి చూపింపజేయుట రెండవది. “ఇదేమిటి?” అని అడిగి పలికించుట మూడవది. బిడ్డ తప్పినచో గద్దింపక మొదటి మెట్టునకు మరలవలెను. మనము తరచుగా మూడవ మెట్టుతో ప్రారంభించి, బిడ్డకు రాలేదని విసుగుకొందుము.

కుప్పము సంగతి వేరు. అది తమిళ, కన్నడ సీమల సరిహద్దు. ఇంట తమిళమో, కన్నడమో, ఉర్దూయో మాటలాడు పిల్లలు తెలుగు బడికి వత్తురు. వారి తల్లులు ఇంటి భాషను మాని, తమకే సరిగా రాని భాషలో మాటలాడ నక్కరలేదు. రెండు భాషల మాటలను కలిపి లెక్కించినదే అట్టి బిడ్డ సంపద. ద్రావిడ భాషల యధ్యయనమునకు 1997లో విశ్వవిద్యాలయము వెలసిన ఊరిలో ఏ బిడ్డయు తన యింటి మాటకు సిగ్గుపడవలసిన పనిలేదు. ఉర్లగడ్డ యని యెరిగిన బిడ్డకు బంగాళాదుంప యను పేరు మరియొక దినమున సులువుగా వచ్చును.

నేడు బిడ్డ యేడ్చిన చేతికి ఫోనిచ్చుట అలవాటైనది. రెండేండ్లలోపు వారికి తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. తెరమీది బొమ్మ ఎంత మాటలాడినను బిడ్డ మాటకు బదులీయదు. ఆ లోపము రేడియోకును కలదని మేము ఒప్పుకొనక తప్పదు. కావున మా ప్రసంగము ముగియగానే రేడియో కట్టివేసి, బిడ్డకు సంగటి తినిపించుచు ముద్దను గురించి, వేడిని గురించి, ఆవిరిని గురించి మాటలాడుడు. వాడు చెప్పినది వినుడు.