వెనుకబండికి బ్రేకు

నేరడిగొండ నుండి నిర్మలుకు వచ్చు దారిలో మహబూబ్ ఘాటు దిగుట మొదలైన క్షణమున, మక్కల బస్తాలు నింపిన ట్రాలీని లాగుచున్న ట్రాక్టరు డ్రైవరు నడుమునకు ఒక చిన్న కుదుపు తగులును. ట్రాలీ లంకెలోని ఇనుపపిన్నుకు ఒకప్రక్క నుండిన సందు మరొకప్రక్కకు మారి 'టక్కు'మనును. అంతదాక లాగబడుచు వచ్చిన బరువు ఇక ట్రాక్టరును నెట్టుట కారంభించినదని దాని కర్థము.

ఎడ్లబండి తోలినవారికిది క్రొత్త కాదు. పల్లమున కాడి ఎడ్ల మెడలమీదుగా కొమ్ములదాక జరిగివచ్చినపుడు, అవి వెనుకకాళ్లపై కూలబడునంతగా నిలద్రొక్కుకొనుటయు, బండివాడు క్రిందికి దుమికి చక్రమునకు కట్టె అదిమిపట్టుటయు వారెరిగినవే.

ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. నిండు ట్రాలీ దానికి రెండింతలు మించుట సామాన్యము. మన పల్లెలలో తిరుగు ట్రాలీలలో అనేకములకు స్వంత బ్రేకు లేనందున ఆ బరువునంతయు ట్రాక్టరు వెనుకచక్రములే నిలుపవలెను. గంటకు 20 కిలోమీటర్ల వేగము 40 అయినచో, బ్రేకు మింగవలసిన శక్తి రెండింతలు గాక నాలుగింతలగును. మలుపులో గట్టిగా త్రొక్కినచో ట్రాక్టరు ఆగబోవును, ట్రాలీ ఆగదు. ఆ నెట్టుడు పిన్నుకు ఏటవాలుగా తగిలి ట్రాక్టరును దారికడ్డముగా త్రిప్పివేయును. పొలములో మూల తిరుగుటకై విడదీసిన కుడియెడమ బ్రేకు పెడలులను రోడ్డెక్కకమునుపే కలిపి బిగింపకున్న, ఒక చక్రమే ఆగి ఆ ప్రమాదము మరింత త్వరపడును. న్యూట్రలులో దింపుట డీజిలు పొదుపని కొందరి తలంపు; అది ఇంజను పట్టును చేజేతుల వదలుకొనుటయే. ఎక్కిన గేరులోనే దిగవలెనను డ్రైవర్ల పాతమాట అక్షరసత్యము.

అమెరికాలో వంటగదియు పడకయు గల మోటారుహోము వెనుక చిన్నకారును నాలుగుచక్రములమీదనే లాగికొనిపోవువారు కలరు. ముందుబండికి బ్రేకు పడగానే కారు పెడలును తానే త్రొక్కు యంత్రమొకటి అందమర్తురు. లంకె ఊడినచో సన్నని తీగయొకటి లాగబడి, కారు బ్రేకులు వాటంతటవే పడును. అచ్చట లాగునది పెద్దది, లాగబడునది చిన్నది. అయినను ఇంత జాగ్రత్త. మనయొద్ద లాగునది తేలిక, లాగబడునది బరువు; ఆ జాగ్రత్త మనకే ఎక్కువ అవసరము.

పంట అమ్మిన డబ్బుతో క్రొత్త ట్రాలీ చేయింపదలచిన రైతుసోదరులు, రేకు మందమును రంగును మాటాడుటకు ముందే, ఇరుసుకు బ్రేకు డ్రమ్ములు వేయవలెనని వెల్డింగు షాపువానికి చెప్పుదురుగాక; పిన్నుకు లాకును, లంకెకు తోడుగా గొలుసును మరువకుందురుగాక.