కల్లు ఆగితే వణుకు ఎందుకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో తాటిచెట్లు, ఈతచెట్లు మీరు చూసే ఉంటారు. వాటి కల్లు పేరుతో కొన్నిచోట్ల మత్తుమందులు కలిపిన నీళ్ళు అమ్ముతారు. 2015లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ కల్తీని అధికారులు అరికట్టగానే, తాగేవారు ఎందరో వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. చెడు అలవాటు మానితే మేలు జరగాలి గదా! మరి ఇదేమిటి?

మన మెదడులో ‘గాబా’ అనే రసాయనం నాడీకణాల ఉద్రేకాన్ని అణచుతుంది. ఇది సైకిలు బ్రేకు వంటిది. కల్తీలో వాడే అల్ప్రాజోలం, డయాజెపాం ఆ బ్రేకును మరింత గట్టిగా నొక్కుతాయి. రోజూ ఇలా నొక్కితే మెదడు బ్రేకును వదులు చేసుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగిందా, బండి వాలులో పడినట్లే!

మీ అన్నే ఈ అలవాటులో చిక్కుకున్నాడనుకోండి. గదిలో పెట్టి తాళం వేస్తే ప్రాణాపాయం. డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా మాన్పించాలి. అలాగని అడిగినదల్లా ఇవ్వనక్కరలేదు. అతడు మత్తులో లేనప్పుడు, “అన్నా, పైసలు ఇవ్వను. నీ కోసం అమ్మతో అబద్ధమాడను. దవాఖానకైతే తోడొస్తా” అని చెప్పండి. చెప్పిన మాట మీదే నిలబడండి. కొట్టబోతే వాదించక, పక్కింటికి వెళ్ళి పెద్దలను పిలవండి. మూర్ఛ వస్తే 108కి ఫోను చేయండి. వ్యసనం మాన్పించే సలహాకు 14446 ఉంది.

ఇది మెదడుకు వచ్చిన జబ్బు. దీనికి కారణం మీరు కాదు. నయంచేసే భారమూ మీ ఒక్కరిదే కాదు.