శార్వరి నాటి లెక్కలు

శార్వరి నామ సంవత్సరాది 2020 మార్చి 25వ తేదీన వచ్చినది. శార్వరి యనగా రాత్రి. ఆ ముందునాటి రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి ప్రసంగించి, అర్ధరాత్రి మొదలు 21 దినములు దేశములో ఎవ్వరును ఇల్లు కదలరాదని ప్రకటించెను. ఆజ్ఞకు, అమలునకు నడుమ వ్యవధి నాలుగు గంటలు. మరునాడు పంచాంగ శ్రవణము టెలివిజనులలోనే జరిగినది. వేపపువ్వు దొరకక, ఉగాది పచ్చడిని చింతపండు బెల్లములతో సరిపెట్టుకొన్న గృహములు పట్టణములలో లేకపోలేదు.

మహమ్మారికి పేద గొప్ప తారతమ్యము లేదను మాట ఆ దినములలో విరివిగా వినవచ్చినది. క్రిమి విషయములో ఆ మాట కొంత నిజము. ఆజ్ఞ విషయములో ఎంతమాత్రమును నిజము కాదు. ఇల్లు కదలరాదనినప్పుడు కొన్ని ఊహలు చెప్పకయే అందులో ఇమిడియున్నవి. ప్రతి మనుష్యునికి ఒక ఇల్లు కలదు. ఆ ఇంటిలో నెలకు సరిపడు గింజలు కలవు. మనిషికి మనిషికి ఎడము పాటించుటకు చాలినన్ని గదులు కలవు. పనికి పోకున్నను జీతము వచ్చును. ఇవి యన్నియు ఉన్నవారికి ఆ కాలము విసుగుగా గడచినది. మాదాపురము కార్యాలయముల వారు కంప్యూటరులను ఇంటికి తెచ్చుకొని ఉద్యోగములు చేసికొనిరి. ఆ కార్యాలయ భవనములను కట్టు కూలీలు అదే నగరము అంచున, రేకుల షెడ్లలో, ఒక్కొక్క గదికి పదిమంది చొప్పున కూర్చుండి, మేస్త్రీ ఎప్పుడు వచ్చి బాకీ చెల్లించునా యని ఎదురుచూచిరి.

తెలంగాణ ప్రభుత్వము మార్చి నెలాఖరునకే వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇత్తుమని ప్రకటించినది. రేషను కార్డు గల కుటుంబమునకు 1,500 రూపాయలు. ఇది మెచ్చదగిన పనియే. కాని కార్డు ఉన్నవాడు ఎవ్వడో ప్రభుత్వమునకు తెలియును. కూలీ ఎచ్చటనున్నాడో తెలియదు. వానిని వెదకి పట్టుకొని బియ్యము ఈయవలెను. వెదకుటలో కొందరు చిక్కిరి, కొందరు చిక్కలేదు.

ఈ అజ్ఞానము నిన్న మొన్నటిది కాదు. ఒరిస్సాలో దాదన్ అను పేర కూలీలను ముఠాలు కట్టి పరరాష్ట్రములకు తోలుకొనిపోవు పద్ధతిని అదుపుచేయుటకు 1979లోనే పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును చేసినది. దాని ప్రకారము గుత్తేదారు ప్రతి కూలీకి పాసుపుస్తకము ఈయవలసియుండెను; రానుపోను ప్రయాణ వ్యయము భరింపవలసియుండెను. చట్టము పుట్టి నాలుగు దశాబ్దములు గడచినను ఆ పాసుపుస్తకములను కన్నవారు అరుదు. అవి సక్రమముగా వ్రాయబడి యున్నచో 2020 వేసవిలో ఎవరు ఎచ్చట చిక్కుకొనిరో జిల్లా కచేరీలలో బల్ల మీదనే తెలిసెడిది.

తెలియనందున వారు నడచిరి. మేడ్చల్ దాటి నాగపురము వైపు పోవు 44వ జాతీయ రహదారి మీద తలపై మూటలు, చంకను పిల్లలతో సాగిన వరుసలను తెలుగు పాఠకులు పత్రికలలో చూచియేయున్నారు. తెలంగాణలోని మిరప చేలలో కాయలు కోయుటకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన పన్నెండేండ్ల ఆదివాసీ బాలిక యొకతె తనవారితో కలిసి అడవిదారిని మూడు దినములు నడచి, ఏప్రిల్ 18న, ఇంటికి మరి కొద్ది దూరమున్నదనగా ప్రాణము విడిచెను. పరీక్షింపగా ఆమెకు కరోనా సోకలేదని తేలినది. మే 8న ఔరంగాబాదు సమీపమున రైలు పట్టాల మీద అలసి నిద్రించిన 16 మంది కూలీలపై గూడ్సుబండి నడచినది.

ఆంధ్రదేశము కూలీలను రప్పించుకొనునదియే కాదు, పంపునది కూడ. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ జిల్లాల మత్స్యకారులు ఏటేటా ఆగస్టులో గుజరాతునందలి వేరావల్ రేవునకు పోయి, వేసవి వరకు పరుల పడవలలో వేటకు కూలికుదురుదురు. ఆజ్ఞ వచ్చిన నాటికి వారు అచ్చటనే యుండిరి. పడవయే ఇల్లు, పడవయే వంటశాల. గట్టు మీద దిగరాదు; దిగినను తలదాచుకొనుటకు చోటు లేదు. నెల దినములు అట్లు గడచిన తరువాత ఏప్రిల్ చివర బస్సులు కుదిరి, నాలుగు వేల మందికి పైగా స్వస్థలములకు చేరిరి.

ఏప్రిల్ 29న సంగారెడ్డి సమీపమున కంది వద్ద భవన నిర్మాణ కూలీలు, కూలి బాకీ ఇండు, మమ్ము ఇండ్లకు పంపుడని తిరుగబడిరి. రెండు దినములు తిరుగకుండ, మే 1వ తేదీ తెల్లవారుజామున, లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు 24 పెట్టెల రైలు సుమారు 1,200 మందితో కదలినది. దేశములో వలస కూలీలకై నడచిన మొదటి ప్రత్యేక రైలు అదియే. అది మేడే కావుట కాకతాళీయము. తిరుగుబాటు వెంటనే రైలు వచ్చుట మాత్రము కాకతాళీయమని నమ్ముట కష్టము.

సెప్టెంబరు 14న లోక్‌సభలో ఒక ప్రశ్నకు సమాధానముగా, దారిలో మరణించిన వలస కూలీల సంఖ్య తమ వద్ద లేదని కేంద్ర కార్మిక శాఖ తెలిపినది. ఊళ్లకు మరలినవారు కోటికి పైగా అని మాత్రము చెప్పినది.

ఇదే దేశము, ఇవే కచేరీలు, మరి నాలుగు నెలలకు మరియొక లెక్కను ఎంత నిపుణముగా వ్రాసినవో చూడవలెను. 2021 జనవరి 16న టీకాలు మొదలైనవి. పుణె జాతీయ వైరస్ పరిశోధనా సంస్థ వేరుచేసి ఇచ్చిన వైరసును హైదరాబాదు శివారున జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ వారు కణములలో పెంచి, నిర్జీవము చేసి కోవాగ్జిన్‌ను సిద్ధపరచిరి. మూడవ దశ ఫలితములు రాకమునుపే దానికి అనుమతి ఇచ్చుటపై శాస్త్రజ్ఞులు వాదించుకొనిరి. అది న్యాయమైన వాదమే. ఆ నవంబరులో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన ఫలితముల ప్రకారము దాని సామర్థ్యము 77.8 శాతము. వేసిన ప్రతి సూదియు ఏ దినమున, ఏ కేంద్రమున, ఎవరికి అన్నది కోవిన్ యంత్రాంగములో నమోదైనది. 2021 అక్టోబరు 21న అది 100 కోట్లు. 2022 జూలై 17న 200 కోట్లు.

అయితే ఈ లెక్కలో చేరుటకును ఒక ద్వారము కలదు. ప్లవ సంవత్సరము వచ్చిన పదునెనిమిది దినములకు, 2021 మే 1 నుండి, 18 ఏండ్లు దాటినవారికి టీకా అనిరి. కాని 45 ఏండ్ల లోపువారు ముందుగా ఫోనులో స్థానము పట్టుకొనవలెను. ప్లవ యనగా తెప్ప. ఆ మొదటి వారములలో తెప్ప ఎక్కుటకు స్మార్టుఫోను, నిలకడగల ఇంటర్నెట్టు, ఆంగ్లాక్షరజ్ఞానము కావలసివచ్చినవి. పలు రాష్ట్రములలో నగరవాసులు పల్లె కేంద్రముల స్థానములను ఫోనులో పట్టి, కారులలో పోయి వేయించుకొని వచ్చిరి. ప్రైవేటు ఆసుపత్రిలో కోవాగ్జిన్ ధర జూన్‌లో 1,410 రూపాయలుగా నిర్ణయమైనది. ఆ ఏడు తెలుగు రాష్ట్రములలో ఉపాధి హామీ కూలి దినమునకు 245. దీపము కింది చీకటి యన్నట్లు, టీకా పుట్టిన జిల్లాలోనే కూలీకి అది ఆరు దినముల కష్టము. సుప్రీంకోర్టు ఈ విషయమున నిలదీసినది. జూన్ 21 నుండి కేంద్రమే రాష్ట్రములకు ఉచితముగా సరఫరా చేసినది, ఫోను నిర్బంధమును తొలగినది.

ఫోనుతో పనిలేకుండ చేయవచ్చునని అంతకు ముందే తెలిసినది. మే 28 నుండి తెలంగాణలో ఆటో నడుపువారిని, కూరగాయలమ్మువారిని, గ్యాసు బండలు మోయువారిని వృత్తుల వారీగా పిలిచి టీకాలు వేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో జూన్ 20న ఒక్క దినమున 13 లక్షలకు పైగా వేసిరి. అచ్చట నాడు 50 ఇండ్లకు ఒక వాలంటీరు ఉండెను. రాజకీయముగా ఆ వ్యవస్థపై ఎవరి అభిప్రాయము ఎట్లున్నను, ఏ ఇంట ఎందరున్నారో తెలిసినవాడు వీధిలో ఉండినందువలననే అది సాధ్యమైనది.

అసంఘటిత కార్మికుల పేర్లు వ్రాయుటకు ఇ-శ్రమ్ అను పట్టిక 2021 ఆగస్టులో వెలసినది. 2024 చివరకు అందులో 30 కోట్లకు మించి పేర్లు చేరినవి. అయినను ఆహార భద్రతా చట్టము క్రింద ఎందరికి బియ్యము అన్నది 2011 జనాభా లెక్కలపై నిలిచినది. 2021లో జరుగవలసిన లెక్కలు మహమ్మారి మూలమున ఆగిపోయినవి. వానిని 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా జరుపుదుమని 2025 జూన్‌లో కేంద్రము ప్రకటించినది. మార్చి 1 నాటికి శ్రీకాకుళపు మత్స్యకారులు వేరావల్‌లో పడవల మీదనే యుందురు.